సెనేట్ హౌస్ విక్టోరియా విగ్రహం ఇచ్చింది మన విజయనగరం మహారాజేనా? (పాత రాజవిగ్రహాల కాలం, లోహం, సంరక్షణ)

మూడులాంతర్లు
అందరికీ నమస్కారమండీ. చెన్నై మెరీనా ఎదురుగా సెనేట్ హౌస్ దగ్గరున్న విక్టోరియా రాణి కంచు విగ్రహాన్ని విజయనగరం మహారాజావారు ఇచ్చారని ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. విజయనగరం, శ్రీకాకుళం సంస్థానాలతో సంబంధమున్న రాజవిగ్రహాల జాబితా ఒకటి ఇక్కడ తయారుచేస్తున్నాం కాబట్టి, చేర్చేముందు నిజం తేలాలి. ఇంకో రెండు ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఫలకం ఊడిపోయిన విగ్రహం ఏ కాలానిదో ఎలా తేల్చాలి? విశాఖ పాతబస్తీలోని రాణీబొమ్మలాంటి కంచు విగ్రహాలను చింతపండుతో తోమాలని అదే సందేశంలో రాశారు. తోమొచ్చా?

నాగావళి_ఒడ్డు
మూడో దానికి ముందుగా ఒక్కమాట: వద్దు. ఎందుకు వద్దో బుడితి_కంచు గారు చెబుతారు.

ఇక మొదటి ప్రశ్న. ఆ విగ్రహం ఇచ్చింది విజయనగరం మహారాజు కాదు. విశాఖపట్నానికి చెందిన గోడే నారాయణ గజపతిరావు గారు. విక్టోరియా పట్టానికొచ్చి 50 ఏళ్లయిన సందర్భంగా 1887 జూన్ 20న దాన్ని ఆవిష్కరించారు. శిల్పి జోసెఫ్ ఎడ్గార్ బోహెమ్. వియన్నాలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాడు, అదే ఏడాది జూబిలీ నాణేల మీద రాణి ముఖం చెక్కినవాడు కూడా ఆయనే. వెనకున్న సెనేట్ హౌస్ అంతకు ముందే, 1879కల్లా, వాస్తుశిల్పి చిషోమ్ నమూనాతో కట్టడం పూర్తయింది. కాబట్టి భవనంతో కలిపి విగ్రహాన్ని లెక్కగట్టకూడదు.

పొరపాటు ఎక్కడొచ్చిందంటే 'గజపతి' అన్న మాట దగ్గర. విజయనగరం రాజులైన పూసపాటి వారికీ అది ఉంది, గోడే వారికీ ఉంది. ఇంగ్లీషు పత్రాల్లో ఈ పేరు కనబడితే చివర 'రాజు' ఉందా, 'రావు' ఉందా చూడండి. పూసపాటి వారైతే రాజు, గోడే వారైతే రావు. ఇంకో పరీక్ష కూడా ఉంది. 1887లో విజయనగరం గద్దె మీదున్నది ఆనంద గజపతి రాజు (1879 నుంచి 1897 వరకు). దాత పేరులో 'నారాయణ' ఉన్నప్పుడే అది విజయనగరం కాదని తెలిసిపోవాలి.

మూడులాంతర్లు
చాలా మంచి మాట చెప్పారు మాస్టారూ. అయితే మన జాబితాలో విజయనగరం పేరు మీద ఏమీ ఉండదా?

నాగావళి_ఒడ్డు
ఉంటుంది, అయితే అది విగ్రహం కాదు. లండన్ హైడ్ పార్కులో మార్బుల్ ఆర్చ్ దగ్గర ఒక మంచినీటి ఫౌంటెన్ ఉండేది. ఆనంద గజపతి తండ్రి మూడవ విజయరామ గజపతి రాజు గారి కానుక. 1867లో కట్టారు, 1964లో తీసేశారు. ఆ చోట ఇప్పుడు గుర్తుగా ఒక రాయి ఉంది. రాజస్మారకాల విభాగంలో విడిగా చేర్చండి, విగ్రహాల పట్టికలో కలపకండి.

ఆ రాయి మీద పేరుకు ముందు 'మీర్జా' అని ఉంటుంది. అది మొఘలుల కాలం నుంచి వచ్చిన బిరుదు. తెలియనివాళ్లు అది చూసి దాత ఎవరో నవాబనుకుంటారు. ఊరి పేరు స్పెల్లింగు కూడా తిప్పలు పెడుతుంది. విజియానగ్రం, విజయనగ్రం, విజనగరం... ఇన్ని రకాలుగా రాశారు. కొన్ని కేటలాగుల్లో హంపీ విజయనగరం కింద, కొన్నిట్లో విశాఖపట్నం కింద వేసేశారు. వెతికేటప్పుడు కనీసం ఐదు స్పెల్లింగులతో వెతకండి.

పాతనాణెం
ఫలకం లేని విగ్రహానికి కాలం కట్టడం గురించి. నాణేలకు వాడే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది.

ముందు బిరుదు చూడాలి. విక్టోరియాకు 'ఇండియా చక్రవర్తిని' బిరుదు 1876 చట్టంతో వచ్చింది, ఢిల్లీ దర్బారులో 1877 జనవరి 1న ప్రకటించారు. అందుకే 1876 దాకా రూపాయి మీద 'విక్టోరియా క్వీన్' అని, 1877 నుంచి 'విక్టోరియా ఎంప్రెస్' అని ఉంటుంది. దిమ్మ మీద వి.ఆర్. (లాటిన్‌లో విక్టోరియా రాణి అన్నదానికి పొడి అక్షరాలు) అని రెండే అక్షరాలుంటే 1877కు ముందుది కావచ్చు, తర్వాతదీ కావచ్చు. వి.ఆర్.ఐ. అని మూడున్నాయంటే మాత్రం 1877కు ముందుది కానే కాదు. ఆ చివరి 'ఐ' అక్షరమే చక్రవర్తిని అన్నదానికి గుర్తు.

తర్వాత తల చూడండి. భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరు 14న పోయాక రాణి వితంతు ముసుగుతోనే కనిపిస్తుంది. ముసుగు మీద చిన్న వజ్రాల కిరీటం ఉందంటే విగ్రహం 1870 తర్వాతది, ఎందుకంటే ఆ కిరీటం చేయించిందే అప్పుడు.

మూడోది, చాలామంది వదిలేసేది, దాత పేరు వెనకుండే అక్షరాలు. బ్రిటిషువాళ్లు ఇచ్చే స్టార్ ఆఫ్ ఇండియా బిరుదును 1861లో పెట్టినప్పుడు ఒకటే తరగతి ఉండేది. 1866లో మూడు తరగతులు చేశారు. కాబట్టి కె.సి.ఎస్.ఐ. (అందులో రెండో తరగతి) అని చెక్కి ఉంటే 1866కు తర్వాతే. ఇండియన్ ఎంపైర్ బిరుదు 1878 నుంచి ఉన్నా, అందులో నైట్ తరగతులు వచ్చింది 1887లో. కె.సి.ఐ.ఇ. (ఆ నైట్ తరగతుల్లో ఒకటి) అని కనిపిస్తే 1887 గీత దాటినట్టే. మన జమీందారులకు ఈ బిరుదులు విరివిగా వచ్చాయి కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

చంపావతి
పాతనాణెం గారూ, ఒక సందేహం. ఇవన్నీ 'దీనికి ముందు కాదు' అనే చెబుతున్నాయి. పై హద్దు ఎలా?

పాతనాణెం
సరిగ్గా అడిగారు. పై హద్దుకు పోతశాల (లోహం కరిగించి విగ్రహం పోసిన కార్ఖానా) ముద్ర కావాలి. కంచు విగ్రహంలో అది సాధారణంగా పాదాల కింది పలక అంచున, వెనకవైపో కుడి పక్కనో, అంగుళంలోపు అక్షరాలతో ఉంటుంది. శిల్పి సంతకం వేరు, పోతశాల పేరు వేరు. రెండూ రాసుకోండి. ఉదాహరణకు ఇంగ్లండులోని థేమ్స్ డిటన్ పోతశాల 1874లో మొదలైంది. అక్కడే తర్వాత ఎ.బి. బర్టన్ ఒక్కడి పేరుతో పని జరిగింది 1902 నుంచి, మూతపడింది 1939లో. 'బర్టన్, ఫౌండర్' అని ఒక్కడి పేరే ఉంటే మీకు రెండు హద్దులూ దొరికినట్టే.

ఆవిష్కరణ తేదీని తయారీ తేదీ అనుకోవద్దు. బెంగళూరు కబ్బన్ పార్కులోని పాలరాతి విక్టోరియా థామస్ బ్రాక్ చేసింది. రాణి చనిపోయింది 1901 జనవరి 22న, ఆవిష్కరణ 1906 ఫిబ్రవరి 5న. చందాలు పోగవడం, చెక్కడం, ఓడ, దిమ్మ కట్టడం, పెద్దమనిషి వచ్చే ముహూర్తం... ఇన్ని మెట్లున్నాయి. జాబితాలో ఒక్క 'సంవత్సరం' గడి పెట్టకుండా చెక్కిన ఏడు, నిలిపిన ఏడు, కదిపిన ఏడు అని మూడు గడులు పెట్టండి.

ఇంకో ఉచ్చు. ముంబయి కాలాఘోడా (నల్లగుర్రం విగ్రహం) మీదున్నది ఏడో ఎడ్వర్డు రాజు అంటారు. 1879లో ఆ విగ్రహం పెట్టేనాటికి ఆయన యువరాజే, పట్టానికి వచ్చింది 1901లో. అదీ బోహెమ్ పనే. 1965లో అక్కడి నుంచి తీసి బైకుల్లాకు తరలించారు. ఆ కూడలికి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మూడులాంతర్లు
అక్షరాలు అరిగిపోయి ఉంటే? సుద్ద రాసి చదవొచ్చా?

పాతనాణెం
సుద్ద, ముగ్గుపిండి, బొగ్గు... ఏదీ రాయొద్దు. రాతి రంధ్రాల్లోకి పోయి దిగదు. చీకటి పడ్డాక టార్చి తీసుకెళ్లి, దాన్ని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఎదురుగా కొట్టిన వెలుగులో కనబడని గీత పక్క వెలుగులో నీడతో లేస్తుంది. ఎడమ, కుడి, పైన, కింద నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు తీయండి, కెమెరా కదలకుండా స్టాండు మీద ఉండాలి. పక్కన 10 సెంటీమీటర్ల స్కేలు పెట్టండి. శాసనాలకు చేసినట్టు తడి కాగితం, సిరాతో అచ్చు తీయడం గట్టి రాయికి సరే. పాలరాయికీ కంచుకూ వద్దు.

బుడితి_కంచు
ఆలస్యమైంది, క్షమించాలి. లోహం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చింతపండు సలహా అక్కడే పుడుతోంది.

మనం కంచు అని ఒకే మాట అంటాం గానీ గంట కంచు వేరు, విగ్రహం కంచు వేరు. గంటకు రాగి 78 పాళ్లు, తగరం 22 పాళ్ల చుట్టుపక్కల ఉంటుంది. గట్టిగా మోగుతుంది, దెబ్బకు పెళుసుగా పగులుతుంది. విగ్రహానికి రాగి 85 నుంచి 90 పాళ్లు, మిగతాది తగరం, కొంచెం తుత్తునాగం, కొంచెం సీసం. పోసేటప్పుడు బాగా పారుతుంది, తర్వాత ఉలికి లొంగుతుంది. ఇంట్లో దీపపు కుందె ఎక్కువగా ఇత్తడి, అంటే రాగి, తుత్తునాగం. దాన్ని చింతపండుతో తోముతాం, వెంటనే కడిగి తుడిచి లోపల పెడతాం. విగ్రహం వానలో నిలబడి ఉంటుంది. తేడా అక్కడుంది.

విగ్రహం మీది ఆకుపచ్చ, గోధుమ, నలుపు పొర మురికి కాదు. లోహమే గాలితో, తేమతో కలిసి తనకు తాను కప్పుకున్న దుప్పటి. కొంత రంగు పోతశాలలోనే మందులు పెట్టి, వేడిచేసి తెప్పించి ఉంటారు. చింతపండు పులుపు ఆ పొరను కరిగిస్తుంది. రెండు రోజులు మిలమిలా మెరుస్తుంది, తర్వాత బట్టబయలైన లోహానికి మచ్చలు మచ్చలుగా తిరిగి చిలుము పడుతుంది. దానికి ఉప్పు కలిపి తోమారంటే ఇంకా నష్టం, ఎందుకంటే క్లోరైడు మీ చేత్తోనే ఎక్కించినట్టు.

క్లోరైడు ఏం చేస్తుందంటే, లోపల రాగితో కలిసి లేత బూడిదరంగు మైనంలాంటి పదార్థమై దాక్కుంటుంది. తేమ, గాలి తగిలినప్పుడు అది పొడిపొడిగా లేత ఆకుపచ్చై పైకి పొంగుతుంది, ఆ క్రమంలో కొద్దిగా ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మళ్లీ రాగిని తింటుంది. అందుకే ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. దీన్నే కంచు జబ్బు అంటారు.

ఆరోగ్యంగా ఉన్న చిలుముకూ ఈ జబ్బుకూ తేడా పట్టడం తేలికే. గట్టిగా, నున్నగా, ముదురుగా అంటిపెట్టుకున్నది మంచిది. వేలితో రాస్తే పొడిలా రాలేది, లేత పచ్చగా చుక్కలు చుక్కలుగా ఉండి కింద గుంత కనబడేది జబ్బు. మెత్తని బ్రష్‌తో పొడి తీసి ఫొటో తీసుకోండి. తేమ రోజుల్లో వారం తిరక్కుండా అదే చోట మళ్లీ వచ్చిందంటే అనుమానం అక్కర్లేదు.

చంపావతి
సముద్రానికి ఎంత దూరంలో ఉంటే భయం లేదు?

బుడితి_కంచు
దూరం ఒక్కటే లెక్క కాదండి. మామూలు రోజుల్లో ఒడ్డున ఉన్నవాటికే ఎక్కువ. తుపాను వస్తే ఉప్పునీటి తుంపర చాలా లోపలికి కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన తీరాన్ని ఎలా కొట్టాయో తెలుసు కదా. తుపాను వెళ్లిన వారంలోగా మంచినీళ్లతో మెల్లగా కడగడం ఎవరైనా చేయగల పని. మోటారు ప్రెషర్ గొట్టం పెట్టకూడదు. అతుకుల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి.

ఏడాదికోసారి చేసే పద్ధతి ఇది, నిపుణుడి పర్యవేక్షణలో. వానలు వెనకపట్టాక, పొడి రోజు పొద్దున్న మొదలుపెట్టాలి. డిస్టిల్డ్ వాటర్‌లో తటస్థమైన, అయానులు లేని సబ్బు 1 శాతం మించకుండా కలిపి, సహజ కుచ్చు బ్రష్‌తో పైనుంచి కిందికి. పావురాల రెట్ట ఉంటే గీకకుండా నానబెట్టి తీయాలి. సబ్బు మిగలకుండా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత చిన్న గ్యాస్ మంటతో లోహాన్ని చెయ్యి ఆనించలేనంత వేడికి, సుమారు 60-70 డిగ్రీలకు తెచ్చి, మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే మైనం) పలచగా పూయాలి. వేడి ఎందుకంటే, సూక్ష్మ రంధ్రాల్లో ఉన్న తేమ బయటికి పోయి ఆ జాగాలోకి మైనం దిగుతుంది. చల్లారాక రెండో పూత, నూలుగుడ్డతో మెరుగు. తేనెమైనం మాత్రం వాడొద్దు. దానిలోని ఆమ్లాలు రాగితో కలిసి పచ్చగా మారుతాయి, ఎండకు జిగటై దుమ్ము పడుతుంది.

జబ్బు చుక్కలుంటే మైనానికి ముందు వాటిని సన్నని కత్తితో ఒక్కొక్కటిగా తీసి, బెంజోట్రయాజోల్ (రాగి తినేయకుండా ఆపే రసాయనం) 3 శాతం ఆల్కహాలులో కలిపి పెడతారు. అది చేతికి, ఊపిరికి మంచిది కాదు. తొడుగులు, ముసుగు లేకుండా ముట్టుకోవద్దు.

సిల్వర్ పెయింటు, బంగారు పెయింటు వేసిన విగ్రహాలైతే పెద్ద బాధ. పెయింటు కింద తేమ బందీ అవుతుంది, జబ్బు కళ్లకు కనబడకుండా లోపల పెరుగుతుంది. పోతశాల ముద్ర కూడా పెయింటు కిందే పూడిపోతుంది. కాస్టిక్ సోడాతో దాన్ని తీయొద్దు. ద్రావకం కలిపిన జెల్లు పెట్టి పొర పొరగా తీయించాలి.

కొండరాయి
విగ్రహం గురించే అందరూ మాట్లాడతారు, దిమ్మను ఎవరూ చూడరు. కూలేది మాత్రం ముందు అదే.

మన జిల్లాల్లో దొరికే రాళ్లలో ఖొండలైటు చెక్కడానికి సులువు, అందుకే సింహాచలం గుడి దాంతోనే కట్టారు. అయితే అది వానకు, ఉప్పుకు త్వరగా పెళుసై పొరలుగా ఊడుతుంది. చార్నకైటు నల్లగా, గట్టిగా ఉంటుంది, వందేళ్లయినా అంచులు నిలుస్తాయి. ముందు దిమ్మ ఏ రాయో చూడండి. ఎర్రగా తుప్పులాంటి మచ్చలు, చేత్తో రాస్తే ఇసుకలా రాలడం ఉంటే ఖొండలైటు అనుకోవచ్చు.

రాళ్ల సందులు సిమెంటుతో పూడ్చడం అన్నిటికంటే పెద్ద తప్పు. సిమెంటు రాయికంటే గట్టిది, నీటిని బయటికి పోనివ్వదు. తేమ రాతిలోంచే బయటపడాలి, పోతూ ఉప్పును రాతి ముఖం దగ్గర వదిలేస్తుంది, ముఖం ఊడిపోతుంది. బాగా నానిన సున్నం 1 పాలు, కడిగిన ఇసుక 3 పాళ్లు సరిపోతుంది. పూర్వం మనవాళ్లు కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. అది గోడలకు బాగుంటుంది, సన్నటి రాతి సందులకు అవసరం లేదు. పూసిన తర్వాత వారం రోజులు తడి గోనె కప్పాలి. మనం ఎండాకాలంలో పని పెట్టుకుని ఆ తడి గోనె మానేస్తాం, నెలకే సున్నం పొడై రాలుతుంది. అప్పుడు సున్నాన్ని తప్పుపడతాం.

మూడులాంతర్లు
పాలరాయి విగ్రహాలకు కూడా మైనమేనా?

కొండరాయి
కాదు. పాలరాయిని ఏ పులుపూ తాకకూడదు, నిమ్మచెక్క కూడా రాతిని కరిగిస్తుంది. అది పీల్చుకునే రాయి కాబట్టి మరక లోపలికి దిగుతుంది. ముంబయిలో మాథ్యూ నోబుల్ చెక్కిన విక్టోరియా పాలరాతి విగ్రహం మీద 1896లో చాపేకర్ సోదరులు తారు పోశారు. మామూలు తుడుపులకు అది పోలేదు. చివరికి రసాయన శాస్త్రవేత్త టి.కె. గజ్జర్ పూనుకుని ఆ మరక వదిలించారు. రాయి తెల్లగా ఉంది కదా అని బ్లీచింగు పౌడరు చల్లేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు, అంత జాగ్రత్త కావాలి.

చంపావతి
విగ్రహాన్ని పక్కకు మార్చాల్సి వచ్చినప్పుడు చూడాల్సినవి నేను చెబుతాను, రోడ్ల వెడల్పు పనుల్లో ఇది తరచూ వచ్చే విషయం.

బరువు ముందు లెక్కగట్టాలి. కంచు విగ్రహం లోపల బోలు. గోడ మందం 6 మిల్లీమీటర్లనుకుంటే, ఎనిమిదడుగుల నిలువు విగ్రహానికి పైతలం సుమారు 7 చదరపు మీటర్లు. 7 × 0.006 అంటే 0.042 ఘనపు మీటర్లు, ఘనపు మీటరు కంచు 8,800 కిలోలు, మొత్తం 370 కిలోల దాకా. లోపల పోతమట్టి (పోసేటప్పుడు బోలు కోసం పెట్టిన మట్టి), ఇనుప చట్రం మిగిలి ఉండొచ్చు కాబట్టి దీనికి రెట్టింపు మోసే క్రేను, తాళ్లు పెట్టుకోండి. పాలరాయి అలా కాదు, నిండు రాయి, ఘనపు మీటరుకు 2,700 కిలోలు. చూడ్డానికి ఒకే ఎత్తున్న రెండు విగ్రహాల్లో ఒకటి అర టన్ను లోపు, ఇంకోటి మూడు టన్నులు దాటుతుంది. 'పోయినసారి ఈ క్రేనే సరిపోయింది' అన్న మాట నమ్మడం వల్లే ప్రమాదాలు.

మెడకు, చేతికి, రాజదండానికి తాడు వేయకూడదు. అవి విడిగా పోసి, పిన్నులతో, బోల్టులతో అతికిన ముక్కలు. నైలాన్ పట్టీలు పాదపలక కిందుగా రెండు, నడుము దగ్గర ఊగకుండా ఒకటి. లేపేముందు పాదాల కింద ఎలా బిగించారో తెలియాలి. పాతరోజుల్లో దిమ్మలో తొలిచిన గుంటలో ఇనుప కడ్డీ నిలిపి, చుట్టూ కరిగించిన సీసం పోసేవారు. అది ఊడదీయకుండా క్రేను లాగితే పాదం చీలుతుంది. అయస్కాంతం పట్టుకుని పాదపలక చుట్టూ తిప్పండి. కంచుకు అంటుకోదు, లోపల ఇనుమున్నచోట లాగుతుంది. తిరిగి నిలిపేటప్పుడు ఇనుము బదులు 316 రకం స్టెయిన్‌లెస్ కడ్డీ వేయాలి. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి దిమ్మనే చీలుస్తుంది, పైగా తడిలో కంచును ఆనుకున్న ఇనుము మరీ త్వరగా తుప్పుపడుతుంది.

బుడితి_కంచు
చంపావతి గారికి ఒక చేర్పు. పాదపలకకు అడుగున చిన్న రంధ్రాలుంటాయి, లోపల చేరిన నీళ్లు కారడానికి. కొత్త దిమ్మ మీద కూర్చోబెట్టేటప్పుడు సిమెంటుతో వాటిని పూడ్చేస్తున్నారు. లోపల నీళ్లు నిలిచి పోతమట్టి నాని, అతుకుల వెంట పచ్చని చారలు కారుతాయి. రంధ్రాలకు ఎదురుగా దిమ్మలో చిన్న కాలువ తీయాలి.

నాగావళి_ఒడ్డు
చట్టం సంగతి కూడా ఒకటి. వందేళ్లు దాటిన శిల్పం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దేశం దాటించకూడదు. ఇక తీసిన విగ్రహాన్ని మళ్లీ రోడ్డు కూడలిలో నిలపాలనుకుంటే, రోడ్ల మీద, కాలిబాటల మీద కొత్త విగ్రహాలకు అనుమతులివ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి మ్యూజియం ఆవరణో, పార్కో చూసుకున్నాకే కదపాలి. తీసి గోదాములో పడుకోబెట్టిన విగ్రహానికి ఆ తర్వాత చోటు దొరకడం చాలా కష్టం. ఢిల్లీ ఇండియా గేటు దగ్గరి అయిదో జార్జి విగ్రహం 1968లో తీశాక కొరోనేషన్ పార్కుకు చేరింది, మంటపం మాత్రం 2022 దాకా ఖాళీగానే ఉంది.

మూడులాంతర్లు
అందరికీ ధన్యవాదాలండీ. పట్టిక మారుస్తున్నాను: దాత పూర్తి పేరు (రాజు/రావు), బిరుదు అక్షరాలు, చెక్కిన ఏడు, నిలిపిన ఏడు, కదిపిన ఏడు, శిల్పి, పోతశాల ముద్ర, లోహం లేదా రాయి, దిమ్మ రాయి, పెయింటు ఉందా లేదా. చెన్నై విగ్రహం ఎదుట గోడే వారి పేరు రాశాను. పోతశాల గడి ఖాళీగా ఉంది. చెన్నైలో ఉన్నవాళ్లు ఎవరైనా పాదపలక వెనక అంచును పక్క వెలుగులో ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరా?

పాతనాణెం
తీసేవాళ్లకు ఒక సూచన. సాయంత్రం ఎండ పడమటి నుంచి వస్తుంది. అంచు ఏ దిక్కుకుందో ముందు చూసుకుని, ఎండ దాన్ని ఏటవాలుగా తాకే పూటకు వెళ్లండి. టార్చి అవసరమే ఉండకపోవచ్చు. స్కేలు మరిచిపోకండి.